రోడ్డు పక్కన ఏ చెట్టు?

కువైట్‌లోని షువైఖ్ పారిశ్రామికవాడలో టైర్ల దుకాణం నాది. బయట రోడ్డు పొడవునా కోనోకార్పస్ చెట్లే. సోమాలియా, యెమెన్ ప్రాంతాల మొక్క, ఎండకు ఓర్చుకుంటుంది. ఈ ఇసుకలో సరే. సెలవుకు మా కడప వైపు వెళ్తే అక్కడా అదే! మర్రిని కొట్టి దీన్ని నాటడం ఏం తెలివో!

మర్రిపండ్లకు వచ్చే బూడిదరంగు హార్న్‌బిల్‌ను చూసినవాళ్లకు నా కోపం అర్థమవుతుంది. దాని నాలుక పొట్టిది. అందుకే పండును ముక్కు కొసతో పట్టి, పైకెగరేసి మింగుతుంది. పురుగులూ తొండలూ తింటుంది. చాలా జీవులకు విషమైన పచ్చగన్నేరు కాయలనూ వదలదు, ఘటం! ఆడపక్షి తొర్రలో చేరి వాకిలి మూసుకుంటే, సన్నని చీలికలోంచి మగపక్షి మేత అందిస్తుంది. అవి తిన్న పండ్ల గింజలు కొన్ని ఆ చెట్టు కిందే మొలుస్తాయి, కొన్ని దూరాన పడతాయి.

అంటే దానికి పండూ కావాలి, తొర్రపడ్డ ముసలి చెట్టూ కావాలి. కోనోకార్పస్‌లో రెండూ లేవు. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. మన నర్సరీలు మేడి, రావి, నేరేడు పెంచాలి. తొర్ర ఉన్న చెట్టును వేసవిలో అసలు కొట్టనివ్వకూడదు, లోపల తల్లీపిల్లలు ఉండొచ్చు.