చక్రాల కుర్చీ దూరని గేటు ఎవరికోసం?

హోసూరు, కృష్ణగిరి తెలుగువారికి మనవి!

ఫిబ్రవరి వస్తే మన హోసూరు గులాబీలు విమానమెక్కి దేశాలు దాటిపోతాయి. అదే ఊళ్లో నడవలేని మనిషి వీధి చివరి పార్కులోకి పోయి ఒక గులాబీని దగ్గరగా చూడాలంటే గగనం. బైకులు రాకూడదని గేటు దగ్గర ఇనుప కడ్డీలు నాటేస్తారు. బైకు ఆగుతుందో లేదో గానీ, చక్రాల కుర్చీ మాత్రం అక్కడే ఆగిపోతుంది. బైకుల్ని ఆపాల్సింది కాపలా మనిషి కదా!

లోపలికి పోయినా తిప్పలే. గులకరాళ్ల దారిలో కుర్చీ ముందు చక్రాలు కూరుకుపోతాయి. తడి పచ్చికలో చంకకర్ర దిగబడుతుంది. మోకాళ్ల నొప్పుల అవ్వ సిమెంటు బెంచీ మీద కూర్చుంటుంది సరే, లేచేటప్పుడు ఏది పట్టుకుని లేవాలి? బెంచీకి రెండు చేతులు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వినోద స్థలాలకూ వర్తిస్తుంది. 2017లో నియమాలు వచ్చాయి, పాత కట్టడాలను అయిదేళ్లలో సరిచేయాలన్నారు. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. ఆ నియమాల్లో 15వది ఉత్త సలహాగా మిగిలిందని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తప్పుపట్టి, తప్పనిసరి కొలతలు తయారుచేయమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది.

కొలతలు గుర్తుపెట్టుకోండి. గేటులో కనీసం మూడడుగుల సందు. దారి వెడల్పు నాలుగడుగులు, రెండు కుర్చీలు ఎదురుపడే చోట ఆరడుగులు. ఒక్క అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు వాలు, పక్కన పట్టుకోను కడ్డీ. నిట్టనిలువుగా సిమెంటు పోసి "ర్యాంపు కట్టేశాం" అంటే ఒప్పుకోకండి, దాని మీద ఎక్కేవాళ్లుండరు, దొర్లేవాళ్లే.

పూలమడి నేల మీదే ఎందుకుండాలి? రెండున్నర అడుగుల ఎత్తున కాళ్లున్న తొట్టి పెట్టి, కింద మోకాళ్లు పట్టేంత ఖాళీ వదిలితే, కుర్చీలో కూర్చున్న మనిషి తానే కొత్తిమీర చల్లుతాడు, కలుపు తీస్తాడు. చూపులేనివారికి చేతికందే ఎత్తులో మరువం, దవనం పెట్టండి. ఇవి మనకు తెలియని మొక్కలా?

ఈ ఆదివారం రామనాయకన్ చెరువు గట్టుకు పోయేవాళ్లు, కృష్ణగిరి డ్యాము తోటకు పిల్లల్ని తీసుకుపోయేవాళ్లు జేబులో టేపు వేసుకోండి. గేటు కొలవండి, మెట్టు కొలవండి, ఫోటో తీయండి. సోమవారం కృష్ణగిరి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అరవంలో రాయడానికి కాలేజీ పిల్లల సాయం తీసుకోండి. అర్జీ ఇచ్చాక రసీదు మరవకండి.

కొత్త పార్కుకు ప్లాను గీసేనాడే చక్రాల కుర్చీలో తిరిగే ఒకరిని పిలిచి అడగాలని ఆ అర్జీలో మొట్టమొదటి మాటగా రాయండి.

ఇట్లు,
హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్లం కొందరం