మతాచార్య శిక్షణలో ప్రాచ్యభాషల స్థానము

క్రైస్తవ మతాచార్యుల శిక్షణకును ప్రాచ్యకళాశాల పత్రికకును సంబంధమేమని కొందరు మిత్రులు ప్రశ్నింపవచ్చును. ఈ దేశమున ఆ శిక్షణకు పట్టములిచ్చు సంస్థగా పరిణమించిన శ్రీరాంపూరు కళాశాల పుట్టుకలో ఒక ప్రాచ్యకళాశాలయే. నేడు ఆ సంగతి వారికిని మనకును గుర్తులేదు.

1818లో విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అను మువ్వురు బాప్టిస్టు మిషనరీలు ఆ కళాశాలను స్థాపించినారు. క్రైస్తవులకును ఇతరులకును ప్రాచ్యసాహిత్యమును, పాశ్చాత్య విజ్ఞానమును బోధించుట తమ ఉద్దేశమని వారు ప్రకటించినారు. ఆ ప్రణాళికలో సంస్కృతమునకు అగ్రస్థానము కలదు. శ్రీరాంపూరు అప్పుడు డెన్మార్కు ఏలుబడిలోనిది. 1827లో డెన్మార్కు రాజు పట్టములిచ్చు అధికారమును కళాశాలకు ప్రసాదించినాడు.

వారి ఉద్దేశమును గూర్చి భ్రమ అక్కరలేదు. సంస్కృతము నేర్చిన క్రైస్తవుడు పండితులతో సమానముగా వాదింపగలడని వారి ఆశ. హిందూ మతాచారములపై వార్డ్ వ్రాసిన గ్రంథమున కాఠిన్యము మెండు. అయినను సంస్కృత వ్యాకరణమును రచించినదియు, మార్ష్‌మన్‌తో కలిసి వాల్మీకి రామాయణమును ఆంగ్లానువాద సహితముగా అచ్చువేయ పూనుకొన్నదియు ఆ కేరీయే. ఖండించుటకైనను ముందు చదువవలెనన్న నియమము వారికి ఉండినది. నేటి వాదులలో ఇరుపక్షములవారికిని అది అరుదు.

మన భాషకును ఆ ఊరితో సంబంధము కలదు. 1812లో అచ్చుకూటము దగ్ధమైనప్పుడు పోయిన వ్రాతప్రతులలో తెలుగు వ్యాకరణమొకటి. కేరీ దానిని తిరిగి సిద్ధపరచి 1814లో ప్రచురించినాడు. విశాఖపట్నమున లండన్ మిషన్‌వారు ఆనందరాయరను దేశీయుని తోడ్పాటుతో అనువదించిన సువార్తలు కూడ అచ్చటనే అచ్చయినవి.

ఇక తెలుగునాట ఈ శిక్షణ ఫలితమేమి? మతాంతరీకరణ సంఖ్యలనే లెక్కించువారికి అసలు మార్పు కనబడదు. మిషన్ శిక్షణాలయములలో తయారైన గ్రామబోధకుడు ఆదివారము ప్రార్థన జరిపించువాడు; తక్కిన దినములలో మాల మాదిగ పల్లెల పిల్లలకు అక్షరములు దిద్దించువాడు. 1912లో డోర్నకల్ బిషప్పైన అజరయ్య బోధకులతోపాటు వారి భార్యలకును శిక్షణ యిప్పించినాడు. ఆయన తమిళుడు, తెలుగు నేర్చి పనిచేసినాడు. ఊరిబడి గడప త్రొక్కనీయని కులములకు చదువు ఆ దారిని వచ్చినది. మన సంస్కృత పాఠశాలలు ఆ పని చేయలేదని ఒప్పుకొనుట న్యాయము.

గుఱ్ఱము జాషువ గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణాలయమున బోధించినవాడు. మన ఉభయభాషాప్రవీణ పట్టమును పొందినవాడు. ఆయన ప్రౌఢ పద్యధారకు ఏదో ఒక మూలమునే చూపుట అర్ధసత్యము. మిషన్ బడి, పండితుల వ్యాకరణము రెండును ఆయనలో కలిసినవి. కలియుటకు ఆయన పడిన అవమానము మాత్రము మనవైపు నుండియే యెక్కువ.

శ్రీరాంపూరు తొలి ఆశయము మాత్రము నిలువలేదు. 1915 నుండి అచ్చట వేదాంత పట్టముల ప్రదానము మొదలైనది. క్రమముగా పై తరగతి బి.డి. ఆంగ్లమునకు చేరినది, దేశభాషలలో చదివినవారికి చిరకాలము ఎల్.టీహెచ్. అను దిగువ మెట్టు మిగిలినది. పల్లెలో బోధించునది తెలుగున, పాండిత్యమునకు గుర్తింపు ఆంగ్లమున. ప్రవీణ చదివి 'తెలుగు పండితుడు' అను పేరుతో తక్కువ జీతమునకు పనిచేసిన మనకు ఈ కథ కొత్తదా? వారి సెమినరీ, మన కళాశాల ఒకే తక్కెడలో తేలిపోయినవి.

ఈ సామ్యమును గుర్తించి చేయదగిన పని యొకటి కలదు. వేదాంత బోధకై తెలుగున ముద్రించిన పాఠ్యగ్రంథములు, ప్రశ్నోత్తరములు, సంఘపత్రికలు మన పరిశోధనలలోనికి రాలేదు. పురుషోత్తమ చౌదరి కీర్తనలను కూడ మనము ఛందస్సు కోసము పరిశీలించినది తక్కువ. 'కృప', 'రక్షణ', 'ఆత్మ' వంటి సంస్కృత పదములు ఆ పుస్తకములలో ఏ క్రొత్త అర్థమును సంతరించుకొన్నవో, వేదాంత పరిభాషతో ఎచ్చట విభేదించినవో చెప్పగలవాడు ఉభయభాషలు చదివిన మన విద్యార్థియే. మన శాఖలలో ఏటేటా అష్టదిగ్గజములపై వచ్చు సిద్ధాంత వ్యాసములలో ఒకదానిని తగ్గించి ఈ అంశమునకు కేటాయించిన నష్టమేమియు లేదు. విశ్వాసమును పరీక్షించుట అక్కడ మన పని కాదు. పదమును పరీక్షించుట మన పని. ఆ కాగితము మాత్రము చెదల పాలగుచున్నది.