కనుమ అంటే కొండ కాదు

భూగోళం చదివే బాలునికి తూర్పు కనుమలు అనగానే వరుసగా నిలిచిన కొండలు మనస్సున మెదలుతవి. పటంలో గోధుమరంగు పూసి చూపేదీ కొండలనే. కాని తెలుగులో కనుమ అంటే కొండల నడుమ మనిషికి, పశువుకు దొరికిన దారి. నంద్యాల నుండి గిద్దలూరు పోయే బాటలో నల్లమలను దాటించే నందికనుమ ఆ అర్థాన్ని నేటికీ నిలుపుకొన్నది. (సంక్రాంతి మరునాటి కనుమ సంగతి వేరు.) దారి పేరు కొండకు పోయినది, దారి మాత్రం మరుగున పడినది. ఈ మరుపు ఒక్క మాటకే పట్టినదైతే నిఘంటువు చాలును.

మఠంపల్లి ప్రాంతపు విద్యార్థిని చూడవలె. అతని మండలంలోని మట్టపల్లి నరసింహస్వామి సన్నిధిని కృష్ణ పారుతున్నది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు సాగర్ ఎడమ కాలువ నీరు వస్తున్నది. వానకాలంలో దినపత్రికలు మూడు అంకెలను ప్రతినిత్యం జ్ఞాపకం చేస్తవి: శ్రీశైలం నిండు నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590, పులిచింతల 175. విద్యార్థి వీటిని ఒప్పజెప్పగలడు. ఆ 885కూ 175కూ నడుమ గల ఎత్తు ఎంతటిదో అతని ఒంటికి తెలియదు. విహారయాత్ర పేరిట శ్రీశైలం పోయినా, బస్సులో సగము దూరం నిద్ర, తక్కిన సగము పాటలు. కొండ ఎప్పుడు ఎక్కినదీ, ఎప్పుడు దిగినదీ డ్రైవరుకే ఎరుక.

అదే విద్యార్థి ఇంట సైకిలు ఉన్నది. బడికి పోయి వచ్చుటకే దానిని వాడుతారు. మోటారు సైకిలు రాగానే అది గోడకు చేరుతుంది. ఆ సైకిలు మీదనే, ఉపాధ్యాయుల వెంట, పెద్ద తరగతుల పిల్లలు శ్రీశైలానికి పోవుట మంచిది. హుజూర్‌నగర్, మిర్యాలగూడ, హాలియా మీదుగా సాగర్. అక్కడినుండి మాచర్ల, ఎర్రగొండపాలెం, దోర్నాల. ఆపైన నల్లమల.

దోర్నాల దాటిన తరువాత దారి ఎక్కుతూ, వంపులు తిరుగుతూ శిఖరేశ్వరం చేరుతుంది. శిఖరదర్శనానికి పునర్జన్మ లేదని భక్తులు నమ్ముతారు. సైకిలు తొక్కి వచ్చినవానికి ఆ శిఖరం వేరొక విధంగా కూడ పుణ్యస్థలమే, ఎక్కుడు అక్కడితో తీరుతుంది గనుక! ఆ చోటు సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తు. పులిచింతల నీటిమట్టంతో పోల్చితే ఎనిమిదివందల మీటర్లు పైన. మనిషి, సైకిలు, మూట కలిసి ఎనుబది కిలోలనుకుంటే, అంత ఎత్తుకు ఎత్తడానికి ఆరు లక్షల జౌళ్ళకు మించిన పని జరుగవలె. దారిలోని ఎగుడుదిగుళ్ళు, గాలి, రాపిడి ఇందులో చేరలేదు. భౌతికశాస్త్రపు అయ్యవారు నల్లబల్ల మీద వేసే లెక్క ఇదే. ఇక్కడ మోకాళ్ళు వేస్తవి. గేరు గల సైకిలు ఈ పనిని తగ్గించదు. పాదం మోపే బలాన్ని తగ్గించి, త్రొక్కవలసిన చుట్లను పెంచుతుంది, అంతే. గేరు లేనివాడు దిగి నెట్టుకొని పోవచ్చును. అందులో చిన్నతనమేమీ లేదు. ఇరవై మీటర్లకు ఒక మీటరు ఎక్కే వాలు ఎంత తీక్ష్ణమో నడిచినవానికీ తెలుస్తుంది.

కనుమను జయించినామని చెప్పుకొనే యాత్రికులున్నారు. ఈ మాట వినుటకు ఇంపుగా లేదు. పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించినాడు; ఎక్కేవాని కష్టమెరిగిన పని అది. 1830లో మద్రాసు నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి శ్రీశైలపు అడవిదారినీ మజిలీలనూ శ్రద్ధగా వ్రాసిపెట్టినాడు. ఆయన వాహనం పల్లకి. ఆ దారి ఎత్తుపల్లాలు బాగుగా తెలిసినవి బోయీల భుజాలకే, కాని వారు గ్రంథాలు వ్రాయలేదు. సైకిలు యాత్రికుడు తానే బోయీ, తానే వీరాస్వామి.

పిల్లలను అడవిలోకి పంపుటయా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగవలసినదే. అది పెద్దపులులు తిరిగే రక్షితారణ్యం. అటవీశాఖ అనుమతి లేనిదే, పెద్దలు లేనిదే పోరాదు. అయితే ఎక్కుట కంటె దిగుటలోనే సైకిలుకు ప్రమాదం హెచ్చు. ఎడతెగక బ్రేకు నొక్కితే చక్రపు కమ్మి వేడెక్కుతుంది; వానకు తడిసిన ఉక్కు కమ్మిపై రబ్బరు కట్టలు పట్టవు. విడిచి విడిచి నొక్కుతూ, మలుపుకు ముందే వేగం తగ్గించుట పిల్లలకు ఊరి చెరువుకట్ట మీదనే నేర్పి తీసుకుపోవలె. వానలు వెనుకబట్టిన కార్తిక, మార్గశిరాలు ఇందుకు అనువైనవి. రాత్రి తొమ్మిది మొదలు ఉదయం ఆరు వరకు అడవిదారి మూసి ఉంటుంది గనుక, ముందునాటి సాయంకాలానికే దోర్నాల చేరి అక్కడ నిద్రచేయవలె. తెల్లవారి గేటు తీసినప్పుడు బయలుదేరితే, సుమారు ఏబది కిలోమీటర్ల ఆ దారికి పగలంతా మిగిలి ఉంటుంది.