బతుకు దేనికోసం? (వాడ ముచ్చట్లు – 14)



"అన్నా, నువ్వు అంబేద్కర్ మనిషివి. ఆర్సీఎం వాళ్ల మోక్షం ముచ్చట నీకెందుకే?" అని మా మొగుళ్లపల్లి తమ్ముడొకడు అడిగిండు. సూటి ప్రశ్న. సూటిగానే చెబుతాను.

దేవుడు మనిషిని ఎందుకు పుట్టించాడు? కాథలిక్ జ్ఞానోపదేశంలో పిల్లలకు మొదట్లోనే నేర్పే పాఠమిది. తనను తెలుసుకోవడానికి, ప్రేమించడానికి, సేవించడానికి, చివరకు తనతో శాశ్వతంగా ఉండడానికి అని జవాబు.

ఇది మన తాతలకు ఎందుకు తగిలిందో ఆలోచించండి. వాళ్ల బతుకు దేనికోసమో ఊరు అప్పటికే తేల్చేసింది. చచ్చిన గొడ్డును మోయాలి, డప్పు కొట్టాలి, దొర గడీలో వెట్టి చేయాలి. అట్లాంటి మనిషితో "నువ్వు పుట్టింది దొర కోసం కాదు, దేవుడు నిన్ను తన పోలికలో చేసుకున్నాడు" అంటే ఆ మాటకు ఎంత బరువు! పాలపొడికి మతం మారారని ఎగతాళి చేసేవాళ్లకు ఈ బరువు తెలియదు.

సరే, ఆ బోధ త్రాసులోనే సంఘాన్ని కూడా తూద్దాం. యేసు సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 16వ శతాబ్దంలోనే ఒక సూత్రం పెట్టాడు. మనిషి గమ్యం దేవుడు, లోకంలో మిగతావన్నీ ఆ దారిలో పనిముట్లు. పనికొచ్చినంత వాడుకో, అడ్డొస్తే వదిలెయ్.

మరి కులం ఏది? పనిముట్టా, అడ్డా?

తిరుచిరాపల్లిలో ఒక కాథలిక్ సమాధుల తోటలో దళితులను వేరు చేస్తూ గోడ కట్టారు. శాశ్వత జీవితానికి వెళ్లేవాళ్లకు మధ్యలో గోడ! 2016 డిసెంబరులో భారత కాథలిక్ పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానం ప్రకటించి, కుల వివక్ష ఘోరమైన పాపమని ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు తొలి దళిత కార్డినల్ అయ్యారు. సంతోషమే. కానీ ఒక్కరికి ఎర్ర టోపీ పెడితే వాడవాడకూ న్యాయం జరిగినట్టు కాదు.

ప్రభుత్వానికీ చిన్న మాట. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవుడైన మాదిగను మాత్రం మన దగ్గర బీసీ-సీలో కూర్చోబెట్టారు. బాప్తిస్మం తీసుకుంటే కాగితంలో కులం పోతుంది, ఊళ్లో పోదు. ఆత్మ సంగతి తేల్చుకోబోయిన పిల్లవాడు సర్టిఫికెట్ గురించి భయపడాల్సి వస్తోంది.

"ఈ లోకం ఎట్లున్నా పరలోకంలో అందరం ఒక్కటే కదా" అని ఓదార్చే పెద్దలకు ఒకటి గుర్తు చేస్తాను. రాబోయే లోకం మీద ఆశ ఈ లోకాన్ని బాగుచేసే బాధ్యతను తగ్గించకూడదని 1965లో రెండో వాటికన్ మహాసభే చెప్పింది.

కాబట్టి తమ్ముడూ, నాకు మోక్షంతో పేచీ లేదు. దాని పేరుతో మమ్మల్ని వాయిదా వేయడంతోనే పేచీ. దేవుణ్ని చేరడమే మనిషి బతుకుకు అర్థమైతే, కులాన్ని పట్టుకున్న విశ్వాసి తప్పిపోయింది సంఘ సంస్కరణలో కాదు, తను పుట్టిన పనిలోనే. ఈ మాట ప్రసంగ పీఠం మీద నుంచి ఆదివారం పూజలో వినిపించాలి. వినిపించేదాకా అడుగుతూనే ఉంటాం.