దఫ్తరపు తాళపుచెవి ఎవరి చేత నుండవలెను?

తంబళ్లపల్లె చుట్టుపట్ల పల్లెలలో పొలము గట్టు తగవు వచ్చినపుడు "కరణము లెక్కలో ఏమున్నది?" అని అడుగు వృద్ధులు నేటికిని కలరు. కరణీకము పోయి నలువది సంవత్సరములు దాటినది. 1984 లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామాధికారుల పదవులను రద్దుచేసినది. పదవి పోయినను మాట నిలిచినది. ఆ మాటలో గౌరవమును, భయమును రెండును కలసియున్నవి. ఊరి భూములన్నియు ఒక ఇంటి పెట్టెలో, ఒక మనిషి చేతివ్రాతలో నుండిన కాలమది.

ఆ పెట్టెలోని మాటలనుకూడ ఒకపరి చూడుడు. దఫ్తరము, దస్తావేజు, జమాబందీ, హక్కు, రుజువు, తహశీలు: ఇవన్నియు పారసీ అరబ్బీల నుండి ఉర్దూ చేతులమీదుగా తెలుగింటికి వచ్చినవి. ఉర్దూ తెలుగులు రెండును చదువుకొను మన కళాశాలలో ఈ మాటలకు అర్థము చెప్ప నక్కరలేదు. అడంగలు మాత్రము తమిళము నుండి వచ్చినది. కుప్పము మిత్రులు దానిని మాకంటె ముందే గుర్తించియుందురు.

కరణమును నిందించుట సులభము. కాని నాటి ఏర్పాటులో ఒక వివేకము కలదు. లెక్క వ్రాయువాడు కరణము; శిస్తు వసూలు చేయువాడు మునసబు; ఏడాదికొకసారి జమాబందీలో ఆ లెక్కను పరీక్షించువాడు పై అధికారి. వ్రాయు చేయి, రొక్కము పుచ్చుకొను చేయి, సరిచూచు కన్ను వేరువేరుగా నుండవలెనన్నది దాని సారము. ఆచరణలో ఆ మూడును ఎన్నిసార్లు ఏకమైనవో గ్రామస్థులకు తెలియును. అయినను నియమము సరియైనదే.

నేడు దఫ్తరము కంప్యూటరులోనికి చేరినది. 1998 లో రిజిస్ట్రేషను కార్యాలయములకు 'కార్డ్' పథకము వచ్చినది. 2015 లో 'మీభూమి' వచ్చి, అడంగలును 1-బి ని ఇంటినుండియే చూచుకొను వీలు కలిగించినది. చూచుట అందరికి దక్కినది, మంచిదే. మార్చుట ఎవరికి దక్కినది? ఈ ప్రశ్న మండల కార్యాలయమునకే గాక మన కళాశాల కార్యాలయమునకును వర్తించును గనుక దీనిని కొంత విరివిగా చర్చింప దలచితిమి.

1970 జూన్‌లో ఐ.బి.ఎం. సంస్థవారి శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేయుచుండిన ఇ.ఎఫ్. కాడ్ ఒక వ్యాసమును ప్రకటించెను. సమాచారమును పట్టికలుగా భావింపవలెననియు, అది యంత్రము లోపల ఎచ్చట ఎట్లు దాగియున్నదో వాడుకొనువారికి తెలియనక్కరలేదనియు ఆయన ప్రతిపాదన. రిలేషనల్ డేటాబేస్ అని మనము చెప్పుకొనునది దానినుండి పుట్టినదే. మన కార్యాలయమునే తీసికొందము. విద్యార్థుల పట్టిక ఒకటి, ఫీజుల పట్టిక ఒకటి, హాజరు పట్టిక ఒకటి. ఈ మూడింటిని కలుపు దారము ప్రవేశ సంఖ్య. పేరు దారము కాజాలదు. మన విద్యార్థులలో షేక్ అని వ్రాయువారు, షేఖ్ అని వ్రాయువారు, షైక్ అని వ్రాయువారు ఒకే ఇంటిలో కనబడుదురు. ఉర్దూ నుండి తెలుగునకు, తెలుగు నుండి ఇంగ్లీషునకు మారునప్పటికి ఒక పేరు మూడు పేర్లగును. అందుచేతనే సంఖ్య యొక్క అవసరము.

కాడ్ తన వ్యాసపు శీర్షికలో ఆ నిధులను 'పలువురు పంచుకొనునవి' అనెను. ఆ ఒక్క మాటలోనే చిక్కంతయు ఉన్నది. పంచుకొనుట యన్నపుడు ఎవరికెంత అను ప్రశ్న వెంటనే వచ్చును. 1976 లో అదే సంస్థకు చెందిన పట్రీషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫర్డ్ వేడ్ అను ఇరువురు దీనికి ఒక పద్ధతిని వివరించిరి. హక్కునిచ్చు ఆజ్ఞ గ్రాంట్; తీసికొను ఆజ్ఞ రివోక్. ఒకరికి చూచు హక్కు, మరియొకరికి చేర్చు హక్కు, వేరొకరికి మార్చు హక్కు, ఇంకొకరికి తొలగించు హక్కు, వేరువేరుగా ఇయ్యవచ్చును. తాను పొందిన హక్కును ఇతరులకిచ్చు అధికారముకూడ ప్రత్యేకముగా ఇయ్యవలసినదే. మొదటివాని హక్కు తీసివేసినచో, వాని ద్వారా మాత్రమే పొందినవారి హక్కును పోవును. గుత్తకు తీసికొన్నవాడు ఉపగుత్తకిచ్చిన సంగతి మన రైతులకు తెలిసినదే: అసలు గుత్త తీరిననాడు ఉపగుత్తయు తీరును. యాబది ఏండ్లనాటి ఈ ఏర్పాటును నేడు మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మొదలగు సర్వరులన్నియు కొద్ది మార్పులతో అనుసరించుచున్నవి. నిపుణులుకూడ అన్ని తలుపులు ఒక్కనాడే మూయలేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 'పబ్లిక్' అను ఉమ్మడి అరలో ఏ వాడుకరియైనను క్రొత్త పట్టికలు నిర్మించుకొను స్వేచ్ఛ 2022 లో 15 వ సంచిక వచ్చువరకు పుట్టుకతోనే ఉండెను.

సర్వరునకు ఒక మహాధికారి యుండును. మైఎస్‌క్యూఎల్‌లో అతనికి 'రూట్' అని పేరు. అతనికి అడ్డు లేదు. పట్టికనంతయు తుడిచివేయుమన్నను సర్వరు ఎందుకని అడుగదు. అట్టి పేరుతో నిత్యకృత్యములు చేయుట ప్రమాదము. కాని మన ప్రయోగశాలలో విద్యార్థి తొలినాటినుండియు రూట్‌గానే ప్రవేశించుచున్నాడు. సెలెక్టు వ్రాయుట నేర్చుచున్నాడు; గ్రాంటు వ్రాయుట పరీక్షకు ముందు ఒక గంటలో కంఠస్థము చేయుచున్నాడు. ఉద్యోగమునకు పోయిన మొదటి దినమున వానికి రూట్ దొరకదు, దొరకరాదు కూడ.

ఇక మన ఇంటి సంగతి. మన కార్యాలయపు కంప్యూటరులో నలుగురు పనిచేయుదురు, నలుగురికి ఒకటే పేరు, 'అడ్మిన్', ఒకటే సంకేతపదము. అది మరచిపోకుండుటకై మానిటరు అంచున ఒక కాగితముపై వ్రాసి అంటించియున్నది. కొంతకాలము క్రిందట ఒక విద్యార్థిని పుట్టిన సంవత్సరములో ఒక అంకె మారినది. ఆధార్‌తో సరిపోలక ఆ బాలిక ఉపకారవేతనపు దరఖాస్తు నిలిచిపోయినది. దిద్దించునప్పటికి గడువు దాటినది. తండ్రి టమోటా మండీలో కూలి. ఎవరు మార్చిరి? తెలియదు. సర్వరునడిగిన 'అడ్మిన్' అనును. నింద మాత్రము ఆ కుర్చీలో అందరికంటె ఎక్కువసేపు కూర్చుండు గుమాస్తాపై పడినది. ఆయన తాను కాదని ప్రమాణము చేసెనే గాని రుజువు చూపలేకపోయెను.

వేరువేరు పేర్లు పెట్టుడని మేమొకరిద్దరితో ప్రస్తావింపగా, "మామీద నమ్మకము లేదా?" అను మాట వినవలసివచ్చినది. ఈ ప్రశ్నలోని నొప్పిని మేము గుర్తింతుము. కాని ఆనాడు ఆ గుమాస్తాకు సొంత పేరుండి, ఎవరు ఎప్పుడు ఏమి మార్చిరో నమోదు చేయు ఏర్పాటు ముందుగా జరిగియుండినచో, ఆయనను కాపాడినది అదియే అయియుండును. ఫీజు వ్రాయువారికి ఫీజుల పట్టికయందే మార్చు హక్కు చాలును. పేరు, పుట్టిన తేదీ గడులను వారు చూడవచ్చును, మార్చ నక్కరలేదు. హాజరు వేయు అధ్యాపకునకు ఫీజు బాకీలు తెలియవలసిన పనియే లేదు.

ఇది చిన్న విషయము కాదనుటకు ఇటీవలి ఉదాహరణములు చాలును. 2023 లో మైనారిటీ ఉపకారవేతనముల విషయమై కేంద్ర శాఖ పరిశీలించిన 1,572 సంస్థలలో 830 సంస్థలు పూర్తిగనో కొంతమేరకో నకిలీవి, లేక పనిచేయనివి అని తేలి, వ్యవహారము సి.బి.ఐ. కి చేరినది. 144.83 కోట్ల రూపాయల నష్టము చెప్పబడినది. అచ్చట ద్వారపాలకుడు సంస్థ తరఫున సరిచూచి పంపు నోడల్ అధికారి. ఆ పేరు, ఆ సంకేతపదము నెట్ సెంటరులో తిరుగాడినచో ద్వారమెందుకు?

వక్ఫు ఆస్తుల నమోదుకై 2025 జూన్ 6 న ప్రారంభమైన 'ఉమీద్' ఏర్పాటు మరియొకటి. ఉర్దూలో ఉమీద్ అనగా ఆశ యని వేరుగ చెప్పనేల! అందు ముతవల్లి వివరములు చేర్చును. వక్ఫు బోర్డు అధికారి సరిచూచును. ప్రభుత్వము నియమించిన అధికారి ఆమోదించును. మూడు చేతులు, కరణము కాలపు నియమమే. డిసెంబరు 6 న గడువు ముగియునప్పటికి 5,17,040 ఆస్తుల నమోదు ఆరంభమైనది, ఆమోదము పొందినవి 2,16,905. ఆ చట్టపు మంచిచెడ్డలు ఇచ్చట మా విషయము కాదు. కాని కంప్యూటరు తెలియని పల్లె ముతవల్లి తన ఫోనును, దానికి వచ్చు ఓటీపీని ఇతరుల చేతికిచ్చి కూర్చున్నచో ఆ మొదటి చేయి ఎవరిది? మసీదు మాన్యము, కబరస్తాను హద్దులు ఎవరు వ్రాసినట్లు? మన విద్యార్థులు సెలవులలో తమ ఊరి ముతవల్లి ప్రక్కన కూర్చుండి, ఆయన చేతనే ఆయన పని చేయించిన, అది పెక్కు ఉపన్యాసముల కంటె మేలు.

నకలు విషయము చెప్పక విడువరాదు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున అగ్ని రేగి భూముల ఫైళ్లు కాలిపోయినవి. నేరమెవరిదో తేల్చుట దర్యాప్తువారి పని, న్యాయస్థానముల పని. మాకు కావలసినది ఇంతే: కాగితమునకు రెండవ ప్రతి లేనిచోట ఒక్క రాత్రి చాలును. కంప్యూటరులో నున్నంతమాత్రమున రెండవ ప్రతి ఉన్నట్లు కాదు. 2017 జనవరి 31 న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక నిర్వాహకుడు అలసటలో, ఈ సర్వరు ఆ సర్వరని భ్రమించి అసలు డేటాబేసునే తొలగించెను. తేరుకొని చూడగా ప్రతిదినము తీయబడుచున్నదని తలచిన నకలు ఎంతకాలమునుండియో విఫలమగుచున్నది. విఫలమైనదని తెలుపు ఉత్తరములును చేరుట లేదు. ఆరు గంటల క్రిందట చేతితో తీసిన ఒక ప్రతి యుండుటచే బ్రతికిరి. మన కార్యాలయమున పెన్‌డ్రైవులో నకలు ఉన్నదని విందుము. దానిని వేరొక యంత్రములో తెరచి చూచినవారెవరో మాకు తెలియరాలేదు.

కమిటీ పెద్దలకు మా మనవి. క్రొత్త యంత్రము కొనుమని మేము కోరుట లేదు. ఉన్న సర్వరులోనే నలుగురికి నాలుగు పేర్లు పెట్టుటకు పైసా ఖర్చు లేదు. రూట్ సంకేతపదమును కవరులో పెట్టి, ముద్రవేసి, ప్రిన్సిపాలు గారి బీరువాలో నుంచవలెను. బదిలీ అయినవారి పేరు వారికి వీడ్కోలు సభ జరిగిన దినముననే మూయవలెను. ఇద్దరు పాత ఉద్యోగుల సంకేతపదములు ఇంకను పనిచేయుచున్నవని వినికిడి. నెలకొకసారి నకలును ప్రయోగశాలలో తెరచి సరిచూచు పనిని తృతీయ సంవత్సరపు కంప్యూటరు విద్యార్థులకు అప్పగింపవచ్చును, అసలు పేర్లు తీసివేసిన ప్రతి అయినచో. జూన్‌లో ప్రవేశములు మొదలగును. అంతవరకు ఆగనక్కరలేని పని ఒకటున్నది: మానిటరు అంచున అంటించిన ఆ కాగితమును ఈ సంచిక విద్యార్థుల చేతికి వచ్చులోపల తీసివేయించి, సంకేతపదమును మార్పింతురుగాక.