బరువు తగ్గమంటున్నారు సరే, తీరిక ఎక్కడిది?

మోకాళ్ళ నొప్పులని దవాఖానకు పోయిన ఆడవాళ్ళకు తరచు వినిపించే మాట "బరువు తగ్గాలమ్మా" అని. మోకాలు ముట్టుకుని చూడకుండానే చీటీ చేతికొస్తుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో ఒకామె నాతో అన్నది: "అన్నం తగ్గియ్యుమన్నడు, పొద్దున గంటసేపు నడువుమన్నడు. నేను లేసుడే నాలుగింటికి. ఆ గంట యాడికెల్లి తేవాలె?"

2023 మార్చి 8న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వంద కేంద్రాల్లో, మంగళవారాల్లో స్త్రీల కోసం 'ఆరోగ్య మహిళ' ప్రారంభించింది. ఎనిమిది రకాల సేవల్లో కాన్సరు పరీక్షలు, రుతుక్రమ సమస్యలతో పాటు బరువు నియంత్రణ, యోగా, వ్యాయామం కూడా చేర్చారు. చేర్చడం మంచిదే. సుగరు, బీపీ మన బస్తీల్లోకి ఎప్పుడో వచ్చేశాయి. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 30 మంది అధిక బరువుతో వున్నారు. దాదాపు 19 మంది వుండాల్సిన దానికన్నా సన్నగా వున్నారు. 57 మందికి పైగా రక్తహీనత వుంది. లావుగా వున్నామె ఒంట్లోనూ రక్తం తక్కువే కావచ్చు. ఆమెను "తక్కువ తిను" అంటే ఏం తగ్గించుకోవాలి? 2025 ఉగాది నుంచి రేషను షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. పప్పు, గుడ్డు, కూరగాయలు మాత్రం బజారులో కొనాలి. కొన్నా, అందరూ తిన్నాక మిగిలిందే ఆమెకు.

జీవనశైలి మారిస్తే ఫలితం లేదనడం లేదు. సుగరు వచ్చే ప్రమాదమున్న వాళ్ళ మీద మన దేశంలోనే జరిగి, 2006లో వెలువడిన అధ్యయనంలో, తిండి, నడకల మార్పుతో మూడేళ్ళలో ఆ ప్రమాదం నాలుగో వంతుకు పైగా తగ్గింది. బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు! మరి త్రాసు ముల్లు చూసి ఆడవాళ్ళను కోప్పడడం దేనికి? 2002 నాటి అమెరికా అధ్యయనంలో 58 శాతం తగ్గిందని అందరూ చెబుతారు. అక్కడ ఒక్కొక్కరికీ శిక్షణ పొందిన మనిషి పదహారుసార్లు కూర్చుని పాఠం చెప్పారన్నది ఎవరూ చెప్పరు. మన దగ్గర ఆ పని చివరికి ఆశా కార్యకర్త నెత్తిన పడుతుంది. ఆమెకిచ్చేది జీతం కూడా కాదు, పారితోషికం. (డబ్బున్నవాళ్ళకైతే నెలకు వేల రూపాయల ఇంజక్షన్లు 2025లోనే మార్కెట్లోకి వచ్చాయి.)

భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్ళను చూడండి. బూట్లు, తీరిక, ఇంట్లో వంటకు మరో మనిషి వున్నవాళ్ళే ఎక్కువ. వీధి దీపాలు, మరుగుదొడ్లు, భయం లేని దారి ఆరోగ్యశాఖ లెక్కల్లోకి రావు.

ఈ సలహా రోజువారీ వైద్యంలో వుండాల్సిందే. కానీ ముందు ఆమె చెప్పిన బాధకు పరీక్ష జరగాలి. రక్తం, థైరాయిడ్ చూడాలి. సలహా చెప్పే మనిషికి జీతమివ్వాలి. రేషనులో పప్పు కలపాలి. మంగళవారం పగలు వస్తే ఒక రోజు కూలి పోతుంది కనుక, సాయంత్రం ఏడింటి దాకా ఆ గది తెరిచివుంచమని మనం సంఘాల తరఫున అడగాలి.