ముక్కు పరిగెడుతోంది

"అమ్మమ్మా, నా ముక్కు పరిగెడుతోంది!" అంది మా అమ్మాయి ఫోన్లో. అటు మా అత్తగారు, ఇటు మేమూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. పిల్ల చిన్నబుచ్చుకుంది. ఆ తర్వాత అమ్మమ్మ ఫోన్ వస్తే అందుకోవడమే మానేసింది. "నాకు తెలుగు రాదు" అంటుంది.

తప్పు పిల్లదా? "ముక్కు రన్ అవుతోందా?" అని ఇంట్లో రోజూ అడిగింది నేనే. 'కారడం' అనే మాట దాని చెవిన పడితే కదా! నా మాటనే పాపం బుద్ధిగా తెలుగు చేసింది.

ఈ సంగతి ఏ పాట్‌లక్‌లోనో ఎత్తితే జవాబు తయారుగా ఉంటుంది: "తెలుగులో మాటలెక్కడున్నాయండీ? ఇంగ్లీషు మహాసముద్రం!" సరే, ఆ సముద్రంలోనే ఒక్క చెంబు ముంచి చూద్దాం. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు 2011లో లెక్క తేల్చారు: 'రన్' అనే ఒక్క క్రియకి 645 అర్థాలు! ముక్కు కారినా, బట్టల రంగు దిగినా, బస్సు నడిచినా, జ్వరం కాసినా, ఎన్నికల్లో నిలబడినా వాళ్ళకి అదే మాట. మనకి ఈ ఒక్క వాక్యంలోనే అయిదు క్రియలు. ఇప్పుడు చెప్పండి, మాటలు లేనిది ఎవరికి?

అలాగని అది ఇంగ్లీషు లోపమనను. రైలొస్తే, మిల్లొస్తే, కంప్యూటరొస్తే పాత మాటకే కొత్త పని అప్పజెప్పారు. ఆ తెలివి మన అమ్మమ్మలకీ ఉంది. 'పట్టు' చూడండి: ఇనుముకి తుప్పు పట్టింది, పనికి గంట పట్టింది, పాపకి పాలు పట్టాం, చేపలు పట్టాం, పిండి పట్టించాం, దయ్యమూ పట్టింది!

మరి మనమో? "షాపు రన్ చేస్తున్నా", "ప్రోగ్రాం రన్ చేశా", "ట్యాప్ రన్ అవుతోంది". న్యూజెర్సీలో ఇదే పాట, హైదరాబాదులోనూ ఇదే పాట. బస్సు, కంప్యూటర్ లాంటి పేర్లు అరువు తెచ్చుకుంటే నష్టం లేదు, నేనూ తెచ్చుకున్నాను. క్రియలన్నీ వదిలేసి 'చేయు', 'అవు' రెండిటితో కాపురం వెళ్ళదీస్తే మాత్రం మిగిలేది తెలుగు తోక తగిలించిన ఇంగ్లీషే.

పద్యాల పోటీలు తర్వాత పెట్టుకుందాం. ముందు ఇంట్లో ముక్కుని కారనిద్దాం, బస్సుని నడవనిద్దాం. ఈ ఆదివారం అమ్మమ్మ ఫోన్ వస్తే బతిమాలైనా సరే మా అమ్మాయి చేతికిస్తాను. ముక్కు మళ్ళీ పరిగెట్టినా ఈసారి ఎవరం నవ్వం.